అలావుద్దీన్ దిగిన సగం మెట్టు

మదనపల్లెలో గత ముప్పై ఏళ్లలో బ్యాండు మేళంతో ఊరేగిన పెళ్లికొడుకుల్లో సగంమంది ఆరున్నర శ్రుతిలోనే ఊరేగారు. ఆ సంగతి వాళ్లకు తెలియదు, వాళ్లను మోసిన గుర్రాలకూ తెలియదు. తెలిసిందల్లా బ్యాండు మాస్టర్ అలావుద్దీన్‌కే. పాత పాటైనా, నిన్న వచ్చిన పాటైనా దాన్ని ఆరున్నరలోకి లాక్కొచ్చి తన శాక్సఫోన్‌లో ఊదేవాడు. ఆ శ్రుతిలో ఆయన వేళ్లు వాటంతటవే నడుస్తాయి. గుర్రం వెనక, జనరేటర్ పొగలో, ఆటోల హారన్ల మధ్య నడుస్తూ వాయించే మనిషికి వేళ్ల గురించి ఆలోచించే తీరిక ఎక్కడుంటుంది?

శ్రుతి అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పాట ఏ స్వరం దగ్గర బయల్దేరి మళ్లీ ఏ స్వరానికి ఇంటికొస్తుందో అదే దాని శ్రుతి. ఆ ఇంటిని కాస్త పైకి జరిపితే పాటంతా పైకి జరుగుతుంది, కిందికి జరిపితే పాటంతా దిగుతుంది. హార్మోనియం మెట్ల లెక్కలో ఆ ఇళ్లకు ఒకటి, ఒకటిన్నర, రెండు అంటూ నంబర్లుంటాయి. పాడేవాళ్ల గొంతును బట్టి జరుపుకోవాలి. అలావుద్దీన్ మాత్రం ముప్పై ఏళ్లుగా ఒకే ఇంట్లో కాపురం ఉన్నాడు.

ఆయన భార్య ఫాతిమున్నీసా పెళ్లైన కొత్తలో వంట చేస్తూ పాడేది. కొత్తకోడలు అత్తగారిని ఆటపట్టించే దక్కనీ ఉర్దూ పెళ్లిపాటలు. ఒకరోజు అలావుద్దీన్ ఉషారుగా శాక్సఫోన్ తీసి ఆమెతో కలిసి వాయించబోయి, రెండు చరణాలయ్యాక "నీ గొంతు శ్రుతిలో కలిసేది కాదు" అని తేల్చేశాడు. ఆవిడ మళ్లీ పాడలేదు. ఆయన ఆ మాట అన్న సంగతే మర్చిపోయాడు. ఇలాంటివి మర్చిపోవడంలో మగవాళ్లకు మంచి సాధన ఉంటుంది.

డీజేలు వచ్చాక బ్యాండు మేళానికి గిరాకీ తగ్గింది. బెంగళూరు బస్టాండు దగ్గర పెళ్లికొడుకులకు షేర్వాణీలు, తలపాగాలు అద్దెకిచ్చే చిన్న కొట్టు పెట్టుకుని అలావుద్దీన్ నెట్టుకొస్తున్నాడు. అరవై రెండో ఏట ఆయన్ను జాజ్ సంగీతంలోకి లాగినవాడు దిలీప్. హార్స్లీ హిల్స్‌లో ఒక రిసార్టులో శని, ఆదివారాలు కీబోర్డు వాయించే కుర్రాడు. అతిథుల కోసం నేర్చుకున్న ఒక పాత అమెరికా పాటను ఫోనులో వినిపించాడు. వదిలేసి పోయినవాడు తిరిగొస్తే గడప తొక్కనివ్వనని ఒట్టుపెట్టుకుంటూనే, తలుపు తీసి ఉంచిన ఒక ఆడమనిషి పాట అది. అందులో శాక్సఫోన్ ఏడ్చినట్టే ఉంటుంది, మళ్లీ నవ్వినట్టూ ఉంటుంది. అలావుద్దీన్ మూడుసార్లు విని, "ఈ మనిషి కూర్చోని వాయిస్తాండాడు" అన్నాడు. ఆయన్ను కదిలించింది అదే. జీవితంలో ఆయన కూర్చుని వాయించింది లేదు.

పాడటానికి దిలీప్ హేమలతను తీసుకొచ్చాడు. కలకడ మండలాఫీసులో కంప్యూటర్ మీద పని. వాళ్లమ్మ సిద్దమ్మ టమోటా మండీలో కాయలు ఏరే కూలికి పోయి ఆమెను చదివించింది. హేమలత గొంతులో తేనె గీనె ఏమీ ఉండదు. ఎదురుగా కూర్చుని మనతోనే చెబుతున్నట్టుంటుంది. ఆ పాటకు కావలసింది సరిగ్గా అదే.

మొదటి వారంలోనే ఆమె అడిగింది. "మాస్టర్, సివర్లో ఆ పై స్వరాన్ని నిక్కి నిక్కి అందుకుంటాండాను. సగం మెట్టు దిగితే నా గొంతుకు సరిపోతాదేమో."

"దాందేముంది," అన్నాడు దిలీప్. "ఈ బటన్ నొక్కితే దిగిపోతాది. ఇది ఎవురి సొంత పాటా కాదు మాస్టర్. ఎవురు పాడితే వాళ్ల శ్రుతిలో పాడుకుంటారు."

సగం మెట్టు అంటే ఆరున్నర నుంచి ఆరుకు. చెప్పడానికి ఎంత చిన్నమాట. కీబోర్డుకు ఒక బటన్. కానీ శాక్సఫోన్ మీద ఆ సగం మెట్టు దిగితే, ముప్పై ఏళ్లు ముట్టుకోని పక్క మీటలన్నీ ముందుకొస్తాయి. చిటికెన వేలు ఒక మీట మీంచి ఇంకో మీట మీదికి జారాలి. పది వేళ్లూ కొత్తగా నడక నేర్చుకోవాలి. అలావుద్దీన్‌కు ఆరు శ్రుతి రాదు. ఇద్దరు పిల్లల ముందు ఆ మాట ఒప్పుకోవడం ఇంకా రాదు.

"మా బ్యాండు శ్రుతి ఆరున్నరమ్మా. మా నాయన కాలం నుంచి అదే," అన్నాడు. "గొంతు సాగల్ల. సాధకం సేయి."

హేమలత పెద్దవాళ్ల మాట తీసేసే రకం కాదు. సాధకం చేసింది.

పుంగనూరులో ప్రతాప్ అనే బియ్యం వ్యాపారి పెళ్లై పాతికేళ్లైన సందర్భంగా కల్యాణమండపంలో విందు పెట్టాడు. ముగ్గురూ అక్కడ మొదటిసారి ఆ పాట ఎత్తుకున్నారు. జనం బిర్యానీ వదిలి తలలెత్తారు. చివరి పై స్వరం దగ్గరికి వచ్చేసరికి హేమలత గొంతు చీలిపోయింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. గొంతు చీలితే వాద్యం గట్టిగా ఊది కప్పేయడం బ్యాండువాళ్ల పద్ధతి. అలావుద్దీన్ అలాగే ఊదాడు. అంతటితో ఆగినా బాగుండేది. మైకు అందుకుని, "పాపకు జలుబు చేసిండాది, క్షమించల్ల" అని అందరికీ చెప్పాడు.

హేమలతకు జలుబు లేదు. ఆమె ఆయన వైపు ఒక్కసారి చూసి, మైకు స్టాండులో పెట్టేసి దిగిపోయింది.

ఇంటికొచ్చి జరిగింది చెబితే, ఉల్లిపాయలు తరుగుతున్న ఫాతిమున్నీసా తల కూడా ఎత్తలేదు. "ఆ పాపకు జలుబు యాడుండాది? ఉంటే నీ వేళ్లకుండాది," అంది.

ఆ మాట ఆయనకు సూదిలా దిగింది. ఇక మిగిలింది కుప్పం. అక్కడ కౌసల్య అనే రిటైర్డు లెక్చరర్ నెలకొకసారి తన ఇంటి మేడమీది హాల్లో సంగీతం పెట్టిస్తుంది. ఎనభై కుర్చీలు. వచ్చినవాళ్లు కూర్చుని వింటారు, వాయించేవాళ్లూ కూర్చునే వాయిస్తారు. సరిగ్గా పన్నెండు రోజుల్లో ఈ ముగ్గురి వంతు.

సోమవారం సాయంత్రం మిక్చరు పొట్లం పట్టుకుని అలావుద్దీన్ హేమలత ఇంటికి వెళ్లాడు. తలుపు కొట్టబోతుంటే మిద్దె మీంచి ఆమె గొంతు వినబడింది. సిద్దమ్మ వీధి చివర నీళ్ల క్యాను పక్కనపెట్టుకుని ఎవరితోనో కబుర్లలో పడింది. "అమ్మా... ఓ అమ్మా..." అని హేమలత పిలుస్తోంది.

అలావుద్దీన్ చెయ్యి తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆయన తండ్రి హార్మోనియం ముందు కూర్చుని, కొత్తగా పాడటానికి వచ్చినవాళ్లను చూపించి తనతో అనే మాట నలభై ఏళ్ల తర్వాత గుర్తొచ్చింది. పాడమంటే మనిషి వేషం వేస్తాడురా. దూరంగా ఉండే సొంతమనిషిని పిలవమను. ఆ పిలుపు యాడ నిలబడతాదో అదే వాని శ్రుతి.

ఆ తండ్రి పేరే అడ్డం పెట్టుకుని ఈయన ఆరున్నర అన్నాడు. నిజానికి ఆ పెద్దాయన ఎవరి గొంతుకు తగ్గ శ్రుతి వాళ్లకు ఇచ్చేవాడు. పాటగాళ్లు పోయి బాకాలే మిగిలాక కొడుకు ఆ పద్ధతి అటకెక్కించాడు.

దిలీప్ ఫోనులో వేసిపెట్టిన శ్రుతిచూసే యాప్ ఒకటుంది. అలావుద్దీన్ గోడ పక్కన నిలబడి, దొంగలాగా ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. సిద్దమ్మ కబుర్లలో పడితే ఒక్క పిలుపుకు కదిలే మనిషి కాదు. హేమలత మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ ముల్లు ఆరు మీదే నిలబడింది. రెండోసారైనా అటో ఇటో జరుగుతుందేమోనని ఆయన ఆశపడిన మాట వాస్తవం.

హేమలత దిగి వచ్చి కుర్చీ వేసింది. "కుప్పానికి ఇంగెవురినన్నా సూసుకోండి మాస్టర్. ఆ పాట నా గొంతుకు ఎక్కువ," అంది. ఏడుపు లేదు, కోపం లేదు. సంతకం పెట్టేసిన కాగితం అందించినట్టు చెప్పింది.

ఒప్పుకోవలసిన మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది. "పాడేది పాడనిది ఆడికి పోయినాక సెప్పమ్మా. కౌసల్యమ్మకు మాటిచ్చినాం. బస్సెక్కు, సాలు," అన్నాడు.

"వస్తాను. పాడను," అంది హేమలత.

ఆరు శ్రుతికి అడ్డదారి ఏదైనా ఉందేమోనని అలావుద్దీన్ తన తమ్ముడు ఇక్బాల్‌ను అడిగాడు. ఇక్బాల్ బ్యాండులో పెద్ద బాకా ఊదుతాడు. ఏ ప్రశ్నకైనా వెంటనే జవాబిచ్చే మనిషి, అందుకే అతని జవాబులు జాగ్రత్తగా తీసుకోవాలి. "దీనికి వేళ్లెందుకు మార్సల్ల భాయ్? మూతి బయటికి లాగు. గొట్టం పొడుగైతే శ్రుతి దిగుతాది," అన్నాడు. నిజమే, కొంచెం దిగుతుంది. అలావుద్దీన్ నోట్లో పెట్టుకుని ఊదే ఆ మూతిని, ఊడకుండా దారం చుట్టి చుట్టి కొసదాకా లాగాడు. కింది స్వరాలు ఒక ఊళ్లో, పై స్వరాలు ఇంకో ఊళ్లో పలికాయి. గట్టిగా ఊదేసరికి మూతి ఊడి ఆయన పళ్ల మధ్యే ఉండిపోయింది, వాద్యం మెడలో వేలాడింది. ఇక్బాల్ చాలా సీరియస్‌గా, "ఇంగొంచెం దారం సుట్టల్ల" అన్నాడు.

అడ్డదారి మూసుకుపోయింది కాబట్టి అలావుద్దీన్ అసలు దారి పట్టాడు. పొద్దున కొట్టు తెరవగానే శాక్సఫోన్ తీసేవాడు. ఆరు శ్రుతిలో స్వరాలు ఒక్కొక్కటీ, తప్పటడుగులు వేసే పిల్లల్లా. షేర్వాణీ వేసుకుని చూసుకుంటున్న ఒక పెళ్లికొడుకు, "ఎవురన్నా పోయినారా అప్పా?" అని మెల్లిగా అడిగాడు. చిటికెన వేలు జారడం లేదని కొబ్బరినూనె రాస్తే, అది జారి జారి లేని మీటలు కూడా వెతికింది. ఇంట్లో వాయించబోతే ఫాతిమున్నీసా, "నాలుగోది తప్పు," అని వంటింట్లోంచే చెప్పేది. ఆవిడకు ఆ స్వరం ఎలా తెలుసని ఆయనకు తట్టలేదు. నిజంగానే తప్పు కాబట్టి దిద్దుకున్నాడు.

ఎనిమిదో రోజున పాట మొత్తం ఆరులో వచ్చింది. తొమ్మిదో రోజున మళ్లీ పోయింది. పదకొండో రోజున వచ్చి నిలబడింది, మధ్యలో తను ఒంటరిగా వాయించే చోట ఒక్క మలుపు తప్ప. ఆ మలుపులో చిటికెన వేలు నాలుగుసార్లకు ఒకసారి మొండికేసేది. అయినా ఆ సాయంత్రం ఆయన కొట్టు షట్టరు సగం దించి, ఒక్కడే షేర్వాణీల మధ్య కూర్చుని చిన్నపిల్లాడిలా నవ్వుకున్నాడు. అరవై రెండేళ్లకు కొత్తది ఒకటి వచ్చిందంటే ఆ ఆనందం పాతికేళ్లవాడికి చెప్పినా అర్థం కాదు.

శనివారం మధ్యాహ్నం కుప్పం బస్సెక్కారు. పన్నెండు రోజులు ఈ గోల భరించాను, దాని అంతేమిటో చూడాలని ఫాతిమున్నీసా కూడా బయల్దేరి హేమలత పక్కన కూర్చుంది. రిసార్టుకు సెలవు చెప్పి వచ్చిన దిలీప్ కీబోర్డును ఒళ్లో పెట్టుకుని నిద్రపోయాడు. పుంగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీలోంచి ఆ కల్యాణమండపం బోర్డు కనిపిస్తోంది. హేమలత దాన్ని చూసి తల తిప్పుకుంది.

వెనక సీట్లోంచి అలావుద్దీన్ ముందుకు వంగాడు. "అమ్మా, ఆ పొద్దు నీకు జలుబు లేదు. నాకు ఆరు శ్రుతి రాదు. అంతే. మా నాయన పేరు ఊరికే సెప్పినాను. ఆయప్ప పాడేవాళ్లకే శ్రుతి ఇచ్చేవాడు. నా సిగ్గును నీ గొంతు మీద రుద్దినాను. తప్పు నాది."

బస్సులో సమోసాలవాడు ఎక్కి, అరిచి, దిగిపోయాడు. బస్సు కదిలింది. గంగవరం దాటాక హేమలత వెనక్కి తిరిగింది.

"నా గొంతే పనికిరాదనుకున్నాను మాస్టర్," అంది. "ఈ రెండు వారాలూ పాడలేదు. వంట సేసేటప్పుడు గూడా."

ఫాతిమున్నీసా కిటికీ వైపు తిరిగి చూస్తూ ఉండిపోయింది. అలావుద్దీన్ అది గమనించాడు గానీ, బయట ఏం చూస్తోందో అనుకున్నాడు.

"ఇప్పుడొస్తాదా ఆరు?" హేమలత అడిగింది.

"వస్తాది. ఒక్కచోట మాత్రం నమ్మకం లేదు."

ఆమె మొదటిసారి నవ్వింది. "అయితే పాడతాను. నాకు నమ్మకం లేనిచోట పుంగనూరులో మీరు గట్టిగా ఊదినారు కదా. మీకు నమ్మకం లేనిచోట నేనేం సేస్తానో సూద్దురు గానీ."

ఇది బెదిరింపో భరోసానో ఆయనకు కుప్పం చేరేదాకా తేలలేదు.

కౌసల్య మేడమీది హాలు అయిదు గంటలకల్లా నిండింది. ఆవిడ ముగ్గురికీ కుర్చీలు వేయించింది. అలావుద్దీన్ కూర్చున్నాడు. కాళ్లు అలవాటుకొద్దీ రెండుసార్లు నడవబోయి ఆగాయి. దిలీప్ బటన్ నొక్కి ఆరు పెట్టాడు. హేమలత కళ్లు మూసుకుని ఎత్తుకుంది.

మొదటి మాటకే తేడా తెలిసిపోయింది. పుంగనూరులో మునివేళ్ల మీద నిలబడి పాడిన మనిషి ఇక్కడ పాదం మొత్తం ఆనించి పాడుతోంది. గడప తొక్కనివ్వనని పంతంగా చెప్పింది. తలుపు తీసి ఉంచిన సంగతి దాచుకోబోయి బయటపెట్టేసింది. ఇంగ్లీషు రానివాళ్లు కూడా ముందుకు వంగారు. ఇక మధ్యలో అలావుద్దీన్ వంతు వచ్చింది. ఆరు శ్రుతిలో, కూర్చుని, గుర్రం లేకుండా, తన ఊపిరి తనకే వినబడేంత నిశ్శబ్దంలో వాయించాడు. మలుపు వచ్చింది. చిటికెన వేలు మొండికేసింది. ఒక వంకర స్వరం హాలంతా వినబడేలా పలికింది.

ఆయన ముఖం మాడిపోయింది. కానీ హేమలత కళ్లు తెరిచి, నవ్వుతూ, ఆ వంకర స్వరాన్నే గొంతుతో అందుకుంది. దాన్ని అటూ ఇటూ ఊపి, పాటలో తిరిగొచ్చినవాడిని ఎగాదిగా చూసి ఎగతాళి చేసినట్టు తిప్పి, ఆయనకే విసిరింది. అలావుద్దీన్ ఈసారి కావాలనే ఆ వంకర స్వరం ఊదాడు. ఆమె మళ్లీ అందుకుంది. దిలీప్ కూడా కలిశాడు. ముగ్గురూ పాటలోకి తిరిగొచ్చేసరికి చివరి పై స్వరం ఎదురైంది. హేమలత దానికోసం నిక్కలేదు. చేతికందిన కాయను తెంపినట్టు తీసుకుని, కావలసినంతసేపు ఉంచుకుని, తీరిగ్గా దించింది.

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది. కౌసల్య వచ్చి, "మధ్యలో ఆ ఎగతాళి ముక్క ఎన్నాళ్లు సాధన చేశారు?" అని అడిగింది. "పన్నెండు దినాలమ్మా," అన్నాడు అలావుద్దీన్ తడుముకోకుండా. హేమలత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. ఆయనకు సంతోషం గుండెలో పట్టడం లేదు. బ్యాండు వాయించినన్నాళ్లూ ఎవరో ఒకరు ముందు నడిచేవారు, ఈయన వెనక ఊదేవాడు. తన వల్ల ఒక మనిషి గొంతు ఆ మనిషికి తిరిగొచ్చిందన్న సంతోషం అందులో ఎన్నడూ ఎరగడు.

జనం మెట్లు దిగుతున్నారు. ఎవరెవరో చుట్టూ చేరి పలకరిస్తుంటే అలావుద్దీన్ హాలు ఆ చివర ఉండిపోయాడు. ఈ చివర గుమ్మం దగ్గర చెప్పులేసుకున్న ఫాతిమున్నీసా, ఎంతకీ కదలని మొగుణ్ని చూసి గొంతెత్తింది.

"అజీ... ఓ అజీ..."

కుర్చీల మీదుగా ఆ పిలుపు సాగి వచ్చింది. నిండుగా, కొంచెం కింది స్థాయిలో, ఎక్కడా వణకకుండా. అలావుద్దీన్ మాట మధ్యలో ఆగిపోయాడు. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి ఫోను తీసింది.

"ఇంగొకసారి పిలు," అన్నాడు అక్కడినుంచే.

"బస్సు పోతాది."

"పోనీ. ఇంగొకసారి పిలు ఫాతిమా."

ఆవిడ ఆయన చేతిలో ఫోను చూసింది. హేమలత పిలుపును కొలిచిన సంగతి ఇంట్లో విన్నదే కాబట్టి, ఎందుకో అర్థం చేసుకుంది. తర్వాత పమిట సర్దుకుని, పెళ్లైన కొత్తలో వంటింట్లో పాడినప్పటిలాగా, పొడుగ్గా పిలిచింది. ముల్లు నాలుగున్నర మీద నిలబడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ గొంతును ఆరున్నరలోకి ఎక్కించబోయి, ఎక్కలేదని దాన్నే తప్పుపట్టిన మహానుభావుడు ఎవరో ఆయనకు ఇప్పుడు బాగా గుర్తొచ్చింది.

"యాల అట్ల సూస్తాండావు?" అంది ఫాతిమున్నీసా.

అలావుద్దీన్ శాక్సఫోన్ సంచి భుజాన వేసుకుని ఆమె దగ్గరికి నడిచాడు. నడుస్తూనే కుడిచేతి వేళ్లను గాల్లో ఆడించి చూసుకున్నాడు. నాలుగున్నర. అందులో మీటలు వేరే రకంగా మొండికేస్తాయి.

"ఆ అత్తాకోడళ్ల పాట మర్సిపోయినావా?" అని అడిగాడు.

"నేను మర్సిపోలేదు," అంది ఆవిడ. మెట్లు దిగుతూ, ఆయనకు వినబడేంత మెల్లిగా మొదటి చరణం ఎత్తుకుంది.